మద్యం మానేసిన తర్వాత పేగుల తిప్పలకు ఇసబ్గోల్ పొట్టు: వాడి చూసినవారి మాట

మద్యం మానేస్తే కడుపు దానంతటదే కుదుటపడుతుందని చాలామంది నమ్ముతారు. కొందరికి అలాగే జరుగుతుంది కూడా. మరికొందరికి మాత్రం మానేసిన తొలి నెలల్లోనే పొట్ట ఉబ్బరం, రెండు రోజులు మలబద్ధకం, మూడో రోజు అన్నం తిని చెయ్యి కడుక్కునేలోగా విరేచనానికి పరుగు, ఇలా ఒక పద్ధతి లేకుండా సాగుతుంది. ఏళ్ల తరబడి తాగిన మద్యం పేగుల లోపలి పొరనూ, వాటి కదలికల వేగాన్నీ, అక్కడ నివసించే సూక్ష్మజీవుల పొందికనూ దెబ్బతీసి ఉంటుంది కాబట్టి, తాగడం ఆపిన రోజునే అవన్నీ సర్దుకోవాలని కోరుకోవడం అత్యాశే. నాకు పరీక్షలన్నీ చేయించి ఐబీఎస్ (పరీక్షల్లో వేరే జబ్బేదీ కనిపించకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం, మలబద్ధకం, విరేచనాలతో పేగులు తరచూ ఇబ్బందిపెట్టే సమస్య) అని తేల్చిన వైద్యుడు మాత్రలకంటే ముందు రాసిచ్చింది ఏ మందుల షాపులోనైనా దొరికే మామూలు ఇసబ్గోల్ పొట్టు. కొన్ని నెలలుగా దాన్ని వాడుతున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇసబ్గోల్ అనేది ప్లాంటాగో ఒవాటా అనే చిన్న మొక్క గింజల మీది పొట్టు. గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాల్లో రబీ పంటగా పండుతుంది. ఉత్తర గుజరాత్‌లోని ఉంఝా మార్కెట్ దీని వ్యాపారానికి పేరుపొందింది. పెట్టె విప్పితే లేత గోధుమరంగు తెలుపులో, ఊదితే ఎగిరిపోయేంత తేలికైన పొరలు కనిపిస్తాయి. గ్లాసుడు నీళ్లలో చెంచాడు వేసి కలిపితే ముందు పైకి తేలి, ఒకటి రెండు నిమిషాల్లో నానబెట్టిన సబ్జా గింజల చుట్టూ పట్టే జిగురులా చిక్కబడుతుంది. రుచి అంటూ ఏమీ ఉండదు, ఆలస్యం చేస్తే మాత్రం గొంతు దిగడం కష్టమవుతుంది. ఈ జిగురే దీని పనితనమంతా. మలం గట్టిపడినప్పుడు నీటిని పట్టి ఉంచి మెత్తబరుస్తుంది, పలచబడినప్పుడు అదనపు నీటిని పీల్చుకుని ఒక రూపానికి తెస్తుంది. ఒకే పదార్థం రెండు వైపులా పనిచేయడం వల్లనే, ఏ రోజు ఎలా ఉంటుందో తెలియని పేగులకు ఇది సరిపోతుంది.

పీచు తినమంటే మనవాళ్లు వెంటనే గోధుమ తవుడు, పచ్చి కూరగాయల ముక్కల వైపు వెళతారు. ఐబీఎస్ ఉన్నవారికి అది చాలాసార్లు బెడిసికొడుతుంది. నెదర్లాండ్స్‌లో 275 మంది ఐబీఎస్ రోగులపై 12 వారాలు సాగి 2009లో వెలువడిన అధ్యయనంలో, రోజుకు 10 గ్రాముల ఇసబ్గోల్ తీసుకున్నవారికి ఉపశమనం కనిపించగా, తవుడు ఇచ్చినవారిలో చాలామంది బాధ ఎక్కువై మధ్యలోనే తప్పుకున్నారు. జీర్ణకోశ వైద్యుల సంఘమైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నీటిలో కరిగే పీచునే సూచించాయి. ఐబీఎస్ మొత్తం లక్షణాలకు ప్రోబయాటిక్‌లు, అంటే పేగులకు మేలు చేస్తాయని ఇచ్చే సూక్ష్మజీవుల మందులు, వద్దన్నాయి. షాపులో కౌంటరు దగ్గర కంటికి ఎదురుగా పెట్టి అమ్మే ఖరీదైన క్యాప్సూళ్ల విషయంలో ఈ మాట గుర్తుంచుకుంటే జేబుకు మంచిది.

ఫలితం మాత్రం నిదానంగా వస్తుంది. రాత్రి వేసుకుని తెల్లారేసరికి కడుపు ఖాళీ కావాలనుకునేవారికి ఇది నిరాశే మిగులుస్తుంది. మొదటి వారం నాకు ఉబ్బరం తగ్గకపోగా కాస్త పెరిగింది. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచమని వైద్యుడు చెప్పింది అందుకే. ఆ తర్వాత పొద్దున్నే ఒకసారితో పని పూర్తికావడం, బస్సు ఎక్కేముందు భయపడాల్సిన అవసరం తగ్గడం స్పష్టంగా తెలిసింది. నొప్పి పూర్తిగా పోలేదు. దానికి కారణం ఇసబ్గోల్ లోపం కాదనే నా అభిప్రాయం: మానేసినవారిలో చాలామంది సాయంత్రం వైన్ షాపుకు వెళ్లే వేళను వరుస టీలతో, మిరపకాయ బజ్జీలతో, స్వీట్లతో నింపుతారు, నోరు ఊరుకోక చక్కెర లేని చూయింగ్ గమ్ నములుతారు. టీలోని కెఫీన్, బజ్జీల నూనె కారం, ఆ గమ్‌లో చక్కెరకు బదులు తీపి కోసం వేసే సార్బిటాల్ ఇవన్నీ పేగులను రెచ్చగొట్టేవే. వాటిని అలాగే ఉంచి పొట్టు మీద భారం వేయడం న్యాయం కాదు.

వాడకంలో రాజీపడకూడనిది నీరు. పొడిగా నోట్లో వేసుకున్నా, చాలీచాలని నీటితో మింగినా గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది. నిండు గ్లాసు నీళ్లతో తీసుకుని, పైన మరికొన్ని తాగాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, పేగుల్లో అడ్డంకి ఉన్నవారు దీన్ని ముట్టకూడదు. ఇతర మాత్రలకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచడం మంచిది. మద్యంపై కోరిక తగ్గించడానికి అకాంప్రోసేట్ వాడుతున్నవారికి ఆ మాత్ర వల్లనే విరేచనాలు కావచ్చు, ఆ సంగతి ముందుగా తమ వైద్యుడిని అడగాలి. మలంలో రక్తం, నల్లటి మలం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉంటే అది ఇసబ్గోల్‌తో సరిపెట్టుకునే వ్యవహారం కాదు. జిడ్డుగా, నీటిపై తేలుతూ, దుర్వాసనతో మలం వస్తుంటే పాత తాగుడు క్లోమాన్ని దెబ్బతీసిందేమో చూపించుకోవాలి.

ఇక ఏది కొనాలన్న విషయం. నారింజ రుచితో పొంగే ప్యాకెట్లు తాగడానికి సులువే కానీ, వాటిలో చక్కెరో కృత్రిమ తీపో ఉంటుంది, పొంగడానికి కలిపే సోడా వల్ల సోడియం చేరుతుంది. మద్యంతో కాలేయం దెబ్బతిని ఉప్పు తగ్గించమని చెప్పించుకున్నవారికి ఈ చివరిది చిన్న విషయం కాదు. అందుకని సాదా పొట్టుకే నా ఓటు. నెలంతా వాడినా ఖర్చు భారమనిపించదు. ఒక్క ఫిర్యాదు ఉంది: నేను తెచ్చిన పెట్టెలో లోపలి కవరును ఒకసారి కత్తిరిస్తే మళ్లీ మూసే వీలు లేదు, వానాకాలంలో తేమ తగిలి పొట్టు ఉండలు కట్టింది. కాబట్టి పెద్ద ప్యాకెట్టు చవకని ఆశపడకుండా 100 గ్రాముల పెట్టె తెచ్చుకుని, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి, తడి చెంచా తగలకుండా వాడుకోవాలి.