గోర్డీ హౌనా, యాగరా, ధన్‌రాజా, శ్రీజేషా: సుదీర్ఘ హాకీ జీవితాల్లో ఎవరిది మేలు?

2024 ఆగస్టులో ప్యారిస్ ఒలింపిక్ కాంస్యంతో భారత హాకీ గోల్ కీపర్ శ్రీజేష్ ఆటకు వీడ్కోలు చెప్పాడు. అప్పటి నుంచి నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే: ఇంతకాలం ఆడినవాళ్లలో ఎవరు గొప్ప? విజయనగరం ఒకప్పటి భారత క్రికెట్ కెప్టెన్ విజ్జీ ఊరు కదా, ఏ ఆట గురించి మొదలుపెట్టినా మాట క్రికెట్‌లోకి జారిపోతుంది. ఈ ప్రశ్న మాత్రం జారలేదు. నలభై దాటినవాళ్లు ఒకప్పటి భారత ఫార్వర్డ్ ధన్‌రాజ్ పేరు తప్ప మరొకటి ఒప్పుకోరు, కుర్రవాళ్లు శ్రీజేష్ అంటారు. పిల్లలు కెనడాలో స్థిరపడ్డ పెద్దలు ఐస్ హాకీ నుంచి గోర్డీ హౌను, యాగర్‌ను పట్టుకొస్తారు.

మంచు మీద ఆడే ఆటకూ మైదానంలో ఆడే ఆటకూ పోలిక ఏమిటని కొందరి అభ్యంతరం. గోల్స్ లెక్కకు, మ్యాచ్‌ల లెక్కకు పోలిక లేదు, నిజమే. కానీ ఎన్నేళ్లు ఆడాడన్నది నాకు రెండో ప్రశ్న. చివరి ఏడాది జట్టులో ఏ హక్కుతో ఉన్నాడన్నది మొదటిది. పేరు మీద ఉన్నాడా, పని మీద ఉన్నాడా? ఇది ఏ హాకీకైనా వర్తిస్తుంది.

ఏళ్ల లెక్కే కావాలంటే గోర్డీ హౌతో మొదలుపెట్టాలి. 1946లో 18 ఏళ్ల వయసులో, అమెరికా, కెనడాల అగ్ర ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని డెట్రాయిట్ జట్టులోకి వచ్చాడు. 25 సీజన్ల తరవాత, 1971లో మణికట్టు నొప్పితో ఆపేశాడు. అక్కడితో కథ అయిపోవాలి. 1973లో కొడుకులు మార్క్, మార్టీలతో కలిసి ఆడేందుకు వేరే లీగ్‌లోని హ్యూస్టన్ జట్టులో చేరాడు. తండ్రి ముచ్చట తీర్చుకోవడానికి వచ్చాడనుకుంటే, ఆ సీజన్‌లో ఆ లీగ్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే వచ్చింది. 1979-80లో మళ్లీ ఎన్‌హెచ్‌ఎల్‌లో, హార్ట్‌ఫర్డ్ తరఫున 80 మ్యాచ్‌లకు 80 ఆడి 15 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్ ముగిసేలోగా 52 ఏళ్లు నిండాయి. తరవాత ఆ ఆటకే దిగ్గజమైన వేన్ గ్రెట్స్కీ ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టిందీ అదే సీజన్‌లో. ఆ ఏటి ఆల్ స్టార్ మ్యాచ్‌లో ఇద్దరూ ఆడారు. 1946లో హౌను చూసిన కుర్రాడు 1980లో తన కొడుకును వెంటబెట్టుకుని వెళ్లి అదే మనిషిని చూడగలిగాడు. తరాలు దాటడమంటే ఇదీ. నా కొలతలోనూ హౌ బాగానే నెగ్గుతాడు.

యారోమిర్ యాగర్ సంగతి వేరు. 1990లో పిట్స్‌బర్గ్‌లో మొదలుపెట్టి 1991, 1992లలో ఎన్‌హెచ్‌ఎల్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌లు, 1998 నగానోలో చెక్ జట్టుతో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. చొక్కా మీద 68వ నంబరు, సోవియట్ సేనలు చెకోస్లొవేకియాలోకి చొరబడిన 1968కి గుర్తు. 2015-16లో 44 ఏళ్ల వయసులో 66 పాయింట్లతో (కొట్టిన గోల్స్, గోల్స్‌కు అందించిన పాసులు కలిపి) ఫ్లోరిడా జట్టులో అందరికంటే ముందు నిలిచాడు. అక్కడ ఆగి ఉంటే నేను ఈ వ్యాసం మరోలా రాసేవాణ్ని. ఆ తరవాత సొంత ఊరు క్లాద్నోకు వెళ్లి 50 దాటాక కూడా ఆడాడు. చూడముచ్చటైన విషయమే, కాదనను. అయితే అప్పట్లో ఆ క్లబ్బుకు యజమాని కూడా ఆయనే. యజమానిని జట్టులోంచి తీసేసే కోచ్ ఎవరు? ఆ ఏళ్లను ఎన్‌హెచ్‌ఎల్ ఏళ్ల పక్కన కలిపి లెక్కవేయడం నాకు ఇష్టం లేదు.

ఇక ధన్‌రాజ్ పిళ్లై. 1989 నుంచి 2004 వరకు నాలుగు ఒలింపిక్స్, నాలుగు ప్రపంచ కప్‌లు, నాలుగు ఛాంపియన్స్ ట్రోఫీలు, నాలుగు ఆసియా క్రీడలు. మరొకరికి లేని లెక్క అది. శ్రీకాకుళం జిల్లావాళ్లకు 2000 సిడ్నీ అంటే ఊసవానిపేట మల్లీశ్వరి ఎత్తిన బరువు, మన దేశంలో మహిళకు వచ్చిన తొలి ఒలింపిక్ పతకం. అదే సిడ్నీలో వారం తిరిగేసరికి పోలండ్ మీద గెలిస్తే చాలు, భారత హాకీ జట్టు సెమీస్‌కు చేరేది. చివరి నిమిషాల దాకా 1-0తో ముందుండి గోల్ ఇచ్చేసింది. ఆ రోజు ధన్‌రాజ్ మొహం చూసినవాళ్లకు ఆయన మీద అభిమానం ఎందుకు తగ్గదో వేరే చెప్పనక్కరలేదు. 1998 బ్యాంకాక్‌లో 32 ఏళ్ల తరవాత ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన కెప్టెన్ ఆయన. తిరిగొచ్చాక ఆయననే జట్టు నుంచి పక్కన పెట్టారు. ఆయన జీవితం సుదీర్ఘం కావడంలో సగం సమాఖ్యతో కొట్లాటే. బంతి కర్రకు అంటుకున్నట్టు పరుగెత్తడంలో ఆయనకు సాటి రాగలవాణ్ని నేనింకా చూడలేదు. కానీ 2004 ఏథెన్స్ నాటికి ఆ పరుగు తగ్గింది. భారత్ ఏడో స్థానంతో సరిపెట్టుకుంది, ఆయన ఆట అక్కడితో ముగిసింది. ఫార్వర్డ్‌కు వయసు ముందు కాళ్లలోనే కనబడుతుంది. అది ఆయన తప్పు కాదు, కానీ నా కొలతలో తేలేది మాత్రం అదే.

శ్రీజేష్ 2006లో జట్టులోకి వచ్చాడు. తొలి ఏళ్లు ఎక్కువగా బల్ల మీదే గడిచాయి. గోలు దగ్గర మొదట ఏడ్రియన్ డిసౌజా, తరవాత భరత్ ఛెత్రి ఉన్నారు. ఈ నిరీక్షణను చాలామంది లెక్కలోకి తీసుకోరు, నేను తీసుకుంటాను. ఆయన మొదలుపెట్టినప్పుడు మ్యాచ్ 35 నిమిషాల చొప్పున రెండు సగాలు, సమమైతే పెనాల్టీ స్ట్రోకులు. ముగించేసరికి 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు, సమమైతే షూటౌట్. పేరు మారడం కాదు, పనే మారింది. స్ట్రోకులో గోల్ కీపర్ గీత మీద నిలబడి ఊహించాలి. షూటౌట్‌లో దాడి చేసేవాడు 23 మీటర్ల గీత దగ్గర నుంచి బంతితో బయల్దేరతాడు, వాడికి ఉన్నది 8 సెకన్లు. కీపర్ గీత మీదే ఉండిపోతే గోలు తెరిచి ఇచ్చినట్టే. ముందుకొచ్చి కోణం మూయాలి, అలాగని తొందరపడి ముందే పడిపోతే పక్కనుంచి తోసేస్తారు. వాణ్ని గోలుకు దూరంగా, పక్కకు నెట్టుకుంటూ గడియారాన్ని తన వైపు తిప్పుకోవాలి. కుర్రతనంలో కాళ్లు వేగంగా ఉంటాయి కానీ ఈ ఓపిక ఉండదు.

ప్యారిస్‌కు ముందు ఆయన స్థానం ఖాయమేమీ కాదు. 2023లో ఒడిశాలో జరిగిన ప్రపంచ కప్‌లో గోలు ముందు నిలబడే పనిని కృషన్ పాఠక్‌తో పంచుకున్నాడు. పలాసలో రైలెక్కితే భువనేశ్వర్ దగ్గరే, మన వైపు నుంచి వెళ్లి చూసినవాళ్లకు ఆ సంగతి గుర్తుండే ఉంటుంది. ఒలింపిక్ జట్టులో 16 మందే, అందులో కీపర్ ఒక్కడే. ఆ ఒక్క చోటుకు 36 ఏళ్ల మనిషిని తీసుకున్నారు. బ్రిటన్‌తో క్వార్టర్ ఫైనల్లో అమిత్ రోహిదాస్‌కు 17వ నిమిషంలో రెడ్ కార్డు వచ్చింది. మిగిలిన 43 నిమిషాలూ పది మందితోనే 1-1 దగ్గర నిలబెట్టి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. ఆ మ్యాచ్ ఆయన లేకుండా గెలిచేవాళ్లమా? లేదనే నా నమ్మకం. స్పెయిన్‌పై 2-1తో కాంస్యం ఆయన 336వ మ్యాచ్, ఆఖరిది.

కీపర్‌కు పరుగు ఉండదు, అందుకే అంతకాలం లాగాడు అనే వాదన నేను వినని రోజు లేదు. అంత తేలికైతే ప్రతి కీపరూ నాలుగు ఒలింపిక్స్ ఆడాలి. పైగా 2017లో మోకాలు చెడి నెలల తరబడి ఆటకు దూరమై తిరిగొచ్చినవాడు. ఫార్వర్డ్ అలసిపోతే మార్చుతారు, కీపర్‌ను ఎవరు మార్చుతారు?

ఇచ్ఛాపురం వైపువాళ్లు ఒడిశా ఆటగాడు దిలీప్ టిర్కీ ఏడీ అంటారు, పక్క జిల్లా మనిషి అన్నంత చనువుతో. 412 మ్యాచ్‌లు, మూడు ఒలింపిక్స్, గట్టి డిఫెండర్. ఒలింపిక్ పతకం లేదు. నెదర్లాండ్స్ ట్యూన్ డి నోయర్ 453 మ్యాచ్‌లు, ఐదు ఒలింపిక్స్, రెండు స్వర్ణాలు. మన దగ్గర ఆయన ఆట చూసినవాళ్లు తక్కువ. ఉధం సింగ్, లెస్లీ క్లాడియస్ చెరో నాలుగు ఒలింపిక్ పతకాలు తెచ్చారు, కానీ నాకు వాళ్లు పుస్తకాల్లో పేర్లే.

అర్జెంటీనా లూసియానా ఐమార్‌ను మాత్రం ఒక్క వాక్యంలో తోసెయ్యలేను. ఎనిమిది సార్లు ప్రపంచ అత్యుత్తమ క్రీడాకారిణి, 1998 నుంచి 2014 దాకా ఆట, ఆఖరి టోర్నీ సొంత దేశంలో మెండోసాలో, చేతిలో ఛాంపియన్స్ ట్రోఫీ. నేను పెట్టిన కొలతే కచ్చితంగా పట్టుకుంటే ఆమెకూ శ్రీజేష్‌కూ తేడా వెంట్రుకవాసి. ఎవరైనా ఆమెను ముందు పెడితే నేను వాదనకు దిగను. హౌను ముందు పెడితే కాసేపు దిగుతాను, యాగర్‌ను పెడితే సాయంత్రం దాకా.