క్రాక్ కాపీలు వదిలి ఆరేళ్లు: చిన్న ఆఫీసులో ఓపెన్ సోర్స్ పనితీరుపై సమీక్ష

ఎనిమిది కంప్యూటర్లున్న ఆఫీసు. బిల్లులు, ఉత్తరాలు, కొటేషన్లు, లెక్కలు, అప్పుడప్పుడు ఓ కరపత్రం లేదా లేబుల్ డిజైన్. ఈ పనులు క్రాక్ కాపీలు (లైసెన్స్ కొనకుండా తాళం విరగ్గొట్టి వాడే సాఫ్ట్‌వేర్) వదిలేసి, ఆరేళ్లుగా ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన, ఉచితంగా వాడుకోగల) ప్రోగ్రామ్‌ల మీదే నడుస్తున్నాయి. ఉత్తరాలు, పట్టికలు, మెయిల్, బ్యాకప్‌లలో ఏ లోటూ కనపడలేదు. ప్రెస్‌కు పంపే రంగుల పనిలో లోటు ఉంది. మాక్రోల్లో (ఎక్సెల్ ఫైల్‌లో పనిని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్‌లు) అంతకన్నా ఎక్కువ ఉంది. అలాంటి చోట ఆ ఒక్క కంప్యూటర్‌కు లైసెన్స్ కొనాలి తప్ప మళ్లీ క్రాక్ జోలికి పోకూడదు.

క్రాక్‌తో ఇబ్బంది ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మొదలవుతుంది. లైసెన్స్ ఉన్నట్టు నమ్మించే యాక్టివేటర్ ముందు యాంటీవైరస్ ఆపమంటుంది, తర్వాత అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడపమంటుంది. ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్ చేతిలో ఇంటి తాళాలన్నీ పెట్టడమే అది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే స్టాప్-డీజేవీయూ రకం వైరస్‌లు ఎక్కువగా వ్యాపించింది క్రాక్‌ల ద్వారానే. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు ఎత్తుకుపోయే ప్రోగ్రామ్‌లదీ అదే దారి. వైరస్ లేని క్రాక్ దొరికినా, అప్‌డేట్ వస్తే యాక్టివేషన్ పోతుందన్న భయంతో అప్‌డేట్‌లు ఆపేస్తారు. 2017 మే నెలలో వన్నాక్రై అనే డబ్బు గుంజే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు, అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది. అప్‌డేట్‌లు ఆపుకున్న కంప్యూటర్‌కు ఆ రెండు నెలల గడువు ఉన్నా లేనట్టే.

మారేటప్పుడు వరుస ముఖ్యం. ముందు విండోస్ మీదే లిబ్రేఆఫీస్ (ఉత్తరాలు, పట్టికలకు), థండర్‌బర్డ్ (మెయిల్‌కు), ఇంక్‌స్కేప్ (బొమ్మలు గీయడానికి), సెవెన్-జిప్ (ఫైళ్లను కుదించడానికి) పెట్టుకుని రెండు నెలలు పని చేయాలి. అలవాటు కుదిరాకే ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి. రెండూ ఒకే రోజు మార్చితే చిక్కు ప్రోగ్రామ్‌లో ఉందో సిస్టమ్‌లో ఉందో తేలదు, సిబ్బంది మొత్తం మార్పునే వద్దంటారు. క్రాక్ నడిచిన కంప్యూటర్‌ను అన్‌ఇన్‌స్టాల్‌తో సరిపెట్టవద్దు. డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే బయటికి తీసి డిస్క్ పూర్తిగా ఫార్మాట్ చేయాలి. పాత ఇన్‌స్టాలర్ల ఫోల్డర్‌ను వెంట తెచ్చుకోకూడదు. మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లను శుభ్రమైన కంప్యూటర్ నుంచే మార్చాలి. పాతదాంట్లో మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా అక్కడే పోవచ్చు.

లిబ్రేఆఫీస్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఫాంట్లదే. బయటి నుంచి వచ్చిన ఫైల్‌లో కాలిబ్రి ఉండి ఆ ఫాంట్ మన దగ్గర లేకపోతే దాని బదులు కార్లిటో పనిచేస్తుంది. కేంబ్రియా స్థానంలో కలాడియా, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్ స్థానాల్లో లిబరేషన్ ఫాంట్లు. ఇవన్నీ అసలు ఫాంట్ల అక్షర వెడల్పుకు సరిగ్గా సరిపడేలా చేసినవి, అందుకే లైన్లు జరగవు. వేరే ఫాంట్ వాడిన ఫైల్ వస్తే మాత్రం ఒక పేజీ ఒకటిన్నర కావచ్చు. ఏ ఫాంట్‌కు బదులు ఏది వాడాలో టూల్స్, ఆప్షన్స్‌లోని ఫాంట్స్ పట్టికలో ఒక్కసారి రాసిపెడితే చాలు. తెలుగులో ఉత్తరాలు రాసేవారికి ఇంకో మాట. తెలుగు అక్షరాలకు ఫాంటూ సైజూ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ కింద విడిగా ఉంటాయి. స్టైల్‌లో ఇంగ్లిష్ ఫాంట్ మాత్రమే మార్చి, తెలుగు మారలేదేమని తల పట్టుకునేవారు చాలామంది.

ఒకే ఫైల్‌ను ఒకరు లిబ్రేఆఫీస్‌లో, ఇంకొకరు వర్డ్‌లో మార్చి మార్చి సేవ్ చేస్తుంటే లిస్టుల నంబర్లు, టేబుల్ అంచులు చెదురుతాయి. అందుకని ఆఫీసులో తిరిగేవన్నీ ఓడీటీ, ఓడీఎస్‌లోనే (లిబ్రేఆఫీస్ సొంత ఫైల్ రకాలు) ఉంచి, బయటికి పీడీఎఫ్ పంపడం మేలు. ఎగుమతి చేసేటప్పుడు హైబ్రిడ్ పీడీఎఫ్ ఎంచుకుంటే అసలు ఫైల్ కూడా అందులోనే ఉంటుంది, తర్వాత దాన్నే లిబ్రేఆఫీస్‌లో తెరిచి దిద్దుకోవచ్చు. ఇంత ఉపయోగపడే సౌకర్యం గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోకపోవడం ఆశ్చర్యమే.

ఎక్సెల్ మాక్రోలు కొంతవరకే నడుస్తాయి. సెల్స్‌ను నింపే, వరుసలు పేర్చే చిన్నవి చాలాసార్లు అలాగే పనిచేస్తాయి. సొంత ఫారాలు, విండోస్‌కే పరిమితమైన యాక్టివ్‌ఎక్స్ బటన్లు ఉన్నవి మాత్రం దెబ్బతింటాయి. పవర్ క్వెరీతో (బయటి డేటాను తెచ్చి సర్దే ఎక్సెల్ సాధనం) కట్టిన రిపోర్టులనూ ఇక్కడ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. మారకముందే మాక్రోలుండే ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం ఫైళ్లన్నీ వెతికి తీసి, నిజంగా రోజూ వాడేవి ఎన్నో లెక్కపెట్టాలి. మూడు నాలుగుంటే పైథాన్‌లోనో బేసిక్‌లోనో తిరగరాయించుకోవచ్చు. ముప్ఫై ఉంటే ఆ కంప్యూటర్‌కు లైసెన్సే నయం.

డిజైన్ పనిలో అసలు సమస్య రంగులది. ఇంక్‌స్కేప్, ఫొటోలు దిద్దే గింప్ రెండూ ప్రధానంగా తెర రంగుల్లో పనిచేస్తాయి. వాటి నలుపును ప్రెస్ నాలుగు రంగుల సిరాలకు మార్చినప్పుడు, చిన్న అక్షరాల అంచుల్లో నీలం, గులాబీ నీడలు కనిపిస్తాయి. బొమ్మను ఇంక్‌స్కేప్‌లో గీసి, పేజీని స్క్రైబస్‌లో (పేజీలు కూర్చే ప్రోగ్రామ్) కట్టి, అక్షరాలకు నలుపు సిరా 100 శాతం, మిగతా మూడూ సున్నా పెట్టి, ప్రెస్ కోసం ఉద్దేశించిన పీడీఎఫ్ ఎక్స్-3గా తీస్తే ఆ బాధ తప్పుతుంది. 2025లో వచ్చిన గింప్ 3.0లో ఫిల్టర్ వేశాక కూడా వెనక్కి వెళ్లి దాన్ని సవరించుకోవచ్చు, పాత గింప్‌తో విసిగిపోయినవారు మరోసారి చూడదగ్గ మార్పు.

లెక్కలకు గ్నూక్యాష్ నమ్మకమైనదే. సేవ్ చేసిన ప్రతిసారీ తేదీ, సమయంతో పాత కాపీ దాచిపెడుతుంది, మామూలుగా 30 రోజులు ఉంచుతుంది. కానీ ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు ఒకేసారి రాయలేరు, సరుకు నిల్వలు చూసే ఏర్పాటు లేదు. అవి కావాలంటే వ్యాపారం మొత్తాన్ని చూసే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ఈఆర్‌పీనెక్స్ట్ ఉంది. దానికి సర్వర్, ఆ సర్వర్‌ను చూసుకునే మనిషి ఉండాలి.

ఓపెన్ సోర్స్ పేరుతోనూ నకిలీలు ఉంటాయి. వెతికినప్పుడు పైన వచ్చే ప్రకటనను నొక్కి వైరస్ దించుకున్నవాళ్లున్నారు. ప్రాజెక్టు సొంత సైటు నుంచే దించుకుని, అక్కడ ఇచ్చిన షా-256 సంఖ్యతో (ఫైల్ మారిందో లేదో తెలిపే గుర్తు) ఫైల్‌ను సరిపోల్చుకోవాలి. సెవెన్-జిప్ తనంతట తాను అప్‌డేట్ కాదు. నెలకోసారి ఎవరో ఒకరు చూడాల్సిందే, లేదా విండోస్‌లోనే ఉండే విన్‌గెట్ అనే సాధనంతో అన్నీ కలిపి అప్‌డేట్ చేసుకోవాలి.

ఇక విండోస్ కూడా క్రాక్‌దే అయితే లైసెన్స్ అయినా కొనాలి, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌కైనా మారాలి. మింట్ ఒక్కో ప్రధాన వెర్షన్‌కు ఐదేళ్లు అప్‌డేట్‌లు వస్తాయి. ఇన్‌స్టాల్ చేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ప్రయత్నించవచ్చు. ఆ స్థితిలోనే ఒక పేజీ ప్రింట్ తీసి, ఒక కాగితం స్కాన్ చేసి, డిజిటల్ సంతకం టోకెన్ (సంతకం భద్రపరిచే యూఎస్‌బీ పరికరం) ఉంటే దాంతో ఒక పీడీఎఫ్ మీద సంతకం చేసి చూడాలి. నెట్‌వర్క్ ప్రింటర్లలో కొత్తవి డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి. మొండికేసేవి ఎక్కువగా పేజీని సిద్ధం చేసే పని కంప్యూటర్ మీదకే తోసే చవక యూఎస్‌బీ లేజర్ ప్రింటర్లు. టోకెన్‌కు దాని తయారీదారు ఇచ్చే లినక్స్ డ్రైవర్ కావాలి, అది లేకపోతే ఆ కంప్యూటర్ విండోస్‌లోనే ఉండాలి. ఈ మూడూ పనిచేశాయని కళ్లారా చూశాకే డిస్క్ చెరపాలి.