మోయాబ్ రాఫ్టింగ్: గైడ్ బంగారం, భోజనమే పురుగులపాలు

యూటాలో మోయాబ్ దగ్గర కొలరాడో నది మీద ఒకరోజు రాఫ్టింగ్‌కి జులైలో వెళ్లాం, అమ్మానాన్నలతో కలిపి ఐదుగురం. ఫిషర్ టవర్స్ పక్కనుంచి పోయే రూటు. నీళ్ల జోరు పెద్దగా లేదు, మోకాళ్ల నొప్పులున్న నాన్న కూడా హాయిగా కూర్చున్నారు. కంపెనీ పేరు రాయను.

ఒడ్డు పొడుగునా చెట్లన్నీ తుప్పు పట్టినట్టున్నాయి. "ఏరా, మన చీరాల సర్వీ తోటలా ఉంది, నీళ్ల పక్కనే ఉండి ఇట్లా ఎండిపోయిందేంట్రా?" అన్నారు నాన్న. ఎండలకేమో అనుకున్నా. గైడ్ కుర్రాడు బోటు ఒడ్డుకి చేర్చి ఒక కొమ్మ వంచాడు. అది టామరిస్క్, సర్విలాగే సన్నాకు గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. ఇంకా పచ్చగా ఉన్న రెబ్బ ఒకటి తుంచి నాలిక మీద పెట్టుకోమన్నాడు, నిజంగానే ఉప్పు! నేలలోని ఉప్పుని లాగి ఆకుల మీద వదులుతుందట. 19వ శతాబ్దంలో అందానికనీ, ఒడ్లు కోసుకుపోకుండా ఉంటాయనీ తెచ్చి నాటితే నదుల వెంట అడవిలా అల్లుకుపోయింది. దాన్ని తినే పెంకుపురుగుల్ని చైనా, కజకిస్తాన్‌ల నుంచి తెచ్చి 2001లో బయట వదిలారు, మోయాబ్ వైపు 2004లో. నాన్న అడిగిన ఆ ఎండిపోవడం వాటి పనే. ఒకసారి ఆకంతా తినేసినా మళ్లీ చిగురేస్తుంది, ఏళ్ల తరబడి తింటే గానీ చావదు. మరి అందులో గూళ్లు పెట్టే పిట్టల సంగతేంటని మా అమ్మాయి అడిగింది. విల్లో ఫ్లైక్యాచర్ అనే పిట్టకి ముప్పని 2010లో ప్రభుత్వం ఆ ప్రోగ్రాం ఆపేసింది, పురుగులు మాత్రం ఆగలేదు అని నవ్వాడు. ఈ కుర్రాడికి ఐదుకి ఐదు.

ఇక భోజనం. వెజ్ అని బుకింగ్‌లోనే రాశాం, బ్రెడ్డు మధ్య రెండు ఆకులు పెట్టిచ్చారు. అదృష్టం కొద్దీ అమ్మ పులిహోర కలిపి తెచ్చింది. తిందామని చూస్తే నా ప్లేట్లో ఒక ఆవగింజ నడుస్తోంది! వంగి చూశా, ఆ పెంకుపురుగు పిల్లే, నల్లగా, పక్కన పసుప్పచ్చ చార. తలెత్తితే పైనుంచి ఇంకా రాలుతున్నాయి. కుట్టవు, కరవవు, నిజమే, కానీ అమ్మ డబ్బా మూసేసింది. ఇరవై అడుగుల్లో మంచి కాటన్‌వుడ్ నీడ పెట్టుకుని, సగం ఆకుల్లేని టామరిస్క్ కింద టేబుల్ ఎందుకు వేశారో! ఫోన్ చేసి అడిగితే "ప్రకృతి కదండీ" అన్న ధోరణిలో మాట్లాడారు.

మొత్తానికి మూడు స్టార్లు, అవీ గైడ్‌వే. మే, జూన్‌లో మంచు కరిగి నీళ్లు ఉధృతంగా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లతో అయితే వేసవి చివరే నయం. తిండి మీరే తీసుకెళ్లండి, గట్టి మూతున్న డబ్బాలో.