బెలిచిక్ దారా, క్యారల్ దారా?

1999 సీజన్ తర్వాత న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ టీమ్ తన హెడ్ కోచ్ పీట్ క్యారల్‌ను ఇంటికి పంపి, ఆ కుర్చీలో బిల్ బెలిచిక్‌ను కూర్చోబెట్టింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇంతకంటే మంచి పోలిక నాకు దొరకలేదు.

బెలిచిక్ మంత్రం ఒక్కటే: నీ పని నువ్వు చెయ్యి. నవ్వు తక్కువ, కసరత్తు ఎక్కువ. తర్వాత సియాటిల్ టీమ్‌కు కోచ్‌గా ఉన్నప్పుడు క్యారల్ ప్రాక్టీసు పెడితే పాటలు మోగాల్సిందే. అది చూసి తేలిగ్గా తీసుకోకండి, అక్కడ కూడా రోజూ పోటీ ఉండేది.

2015 ఫిబ్రవరి 1, సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్. ఎదురుగా బెలిచిక్ పేట్రియాట్స్. ఆట చివర్లో 28-24తో వెనకబడ్డ సియాటిల్‌కు గోల్ గీత ఒక్క గజం దూరం. గడియారం పరిగెడుతున్నా బెలిచిక్ టైమౌట్ (ఆటకు చిన్న విరామం) అడగలేదు. క్యారల్ టీమ్ బంతి పట్టుకుని దూకకుండా పాస్ విసిరింది. డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త ఆటగాళ్లను టీమ్‌లు ఎంచుకునే చోట, ఎవరూ తీసుకోని పేట్రియాట్స్ కొత్త కుర్రాడు మాల్కమ్ బట్లర్ ప్రాక్టీసులో సరిగ్గా ఇదే ఎత్తుగడకు బోల్తా పడ్డాడు. ఈసారి ముందే పసిగట్టి బంతి లాగేసుకున్నాడు. తప్పు నాదేనని క్యారల్ ఆ రాత్రే ఒప్పుకున్నాడు. నా దృష్టిలో అదీ నాయకత్వమే.

ట్రోఫీల లెక్కలో బెలిచిక్‌కు ఎదురులేదు, హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్‌లు. శిష్యుల సంగతి వేరు. బెలిచిక్ దగ్గర పనిచేసిన మెక్‌డానియల్స్ డెన్వర్‌లో, పట్రీషియా డెట్రాయిట్‌లో హెడ్ కోచ్‌లుగా మూడేళ్ళు కూడా నిలవలేదు. క్యారల్ దగ్గర పనిచేసిన డాన్ క్విన్ హెడ్ కోచ్‌గా రెండో సీజన్‌లోనే అట్లాంటాను సూపర్ బౌల్‌కు చేర్చాడు. 28-3 ఆధిక్యంలో ఉండి కూడా ఓడిపోయాడు. ఎవరి చేతిలోనంటారా? బెలిచిక్ చేతిలోనే!