"ఎక్స్‌ట్రా టికెట్స్ ఉన్నాయన్నా" అంటే నమ్మకండి, నాకు 1,200 పోయాయి

2025 జూన్ 20న వచ్చిన '28 ఇయర్స్ లేటర్' సినిమా విడుదలకి ముందు రాసిందిది. కొత్త సినిమాకి మొదటి వారాంతం టికెట్ల కోసం గ్రూపుల్లో వెతికేవాళ్ళు ఒక్క నిమిషం ఇది చదవండి. ఆ మే నెలలో నేను అలా వెతికే మునిగాను.

మే 15న 'ఫైనల్ డెస్టినేషన్: బ్లడ్‌లైన్స్' విడుదలైంది. ఈ హారర్ సిరీస్‌లో ఐదో భాగం వచ్చింది 2011లో. అంటే 14 ఏళ్ళకి ఆరోది. దుంగల లారీ ప్రమాదం ఉన్న రెండో భాగం డీవీడీలో చూసిన దగ్గర్నుంచి హైవే మీద దుంగల లారీ కనిపిస్తే బండి స్లో చేసే రకం నేను. పైగా ఈ సిరీస్‌లో బ్లడ్‌వర్త్ పాత్ర వేసిన టోనీ టాడ్ 2024 నవంబరులో చనిపోయాడు. ఆయన్ని ఆ పాత్రలో చివరిసారి థియేటర్‌లోనే చూడాలని పట్టుదల. తీరా బుక్ చేద్దామంటే శనివారం సాయంత్రం షోకి మెడలు పట్టేసే ముందు వరుస సీట్లే మిగిలాయి.

అప్పుడు హైదరాబాద్ సినిమా టికెట్ల వాట్సాప్ గ్రూపులో ఒకతను పోస్టు పెట్టాడు. నాలుగు టికెట్లు, మంచి వరుస, అర్జెంటుగా ఊరెళ్తున్నా, కొన్న రేటుకే ఇస్తా అని. నేను పడిపోయింది ఆ 'కొన్న రేటుకే' దగ్గరే. ఎక్కువ అడిగుంటే అనుమానం వచ్చేది. తక్కువ చెప్పినా వచ్చేది. ఫోన్‌పే చేసేటప్పుడు గ్రూపులో ఉన్న పేరు కాకుండా ఇంకెవరిదో పేరు కనిపించింది. "మా బావ నంబర్ అన్నా" అన్నాడు. సరే అని 1,200 కొట్టేశాను. క్యూఆర్ కోడ్ స్క్రీన్‌షాట్ వచ్చింది. కింద బుకింగ్ ఐడీ ఉండాల్సిన చోట కట్ చేసి ఉంది, అది ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు.

గేటు దగ్గర స్కాన్ చేసిన అబ్బాయి "సార్, వీళ్ళు ఆల్రెడీ లోపలికి వెళ్ళిపోయారు" అన్నాడు. మేనేజర్ వచ్చి లోపలికి తీసుకెళ్తే మా సీట్లలో ఒక కుటుంబం హాయిగా పాప్‌కార్న్ తింటోంది. వాళ్ళూ ఆ నంబర్ దగ్గరే కొన్నారు! మాకంటే పది నిమిషాలు ముందొచ్చారు, అంతే. మేం బయటికొచ్చేసరికి అదే స్క్రీన్‌షాట్ పట్టుకుని నలుగురు కాలేజీ కుర్రాళ్ళు. మా అక్క కొడుకు ముఖం చూడలేకపోయాను, పెద్దలకు మాత్రమే అనే 'ఎ' సర్టిఫికెట్ సినిమా అని వాడు వయసు చూపించడానికి ఆధార్ కార్డు కూడా తెచ్చుకున్నాడు పాపం.

థియేటర్ వాళ్ళని అనడానికేం లేదు. ఒక కోడ్ ఒక్కసారే స్కాన్ అవుతుంది, ముందొచ్చినవాడిదే సీటు.

ఇంకో మోసం కూడా ఉందని మేనేజర్ చెప్పాడు. కొన్ని బుకింగులు షోకి కొంత ముందు వరకు క్యాన్సిల్ చేసుకోవచ్చు. మీ దగ్గర డబ్బు తీసుకుని, తర్వాత క్యాన్సిల్ కొట్టి రీఫండ్ కూడా తీసుకునేవాళ్ళున్నారట. కాబట్టి బుకింగ్ ఐడీ అసలైనదే అయినా గ్యారంటీ లేదు. నిజంగా ఊరెళ్ళేవాడైతే టికెట్‌ని యాప్‌లోంచే మీ నంబర్‌కి ట్రాన్స్‌ఫర్ చేయమనండి, ఆ సౌకర్యం ఉంటే. లేదంటే గేటు దగ్గరికి రమ్మనండి, స్కాన్ అయ్యాక డబ్బులివ్వండి. కుదరదన్నాడా, వదిలేయండి.

ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్ళు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లావాదేవీ వివరాల్లో ఉండే 12 అంకెల యూపీఐ నంబర్ అడుగుతారు, చాట్ డిలీట్ చేయకండి. నేను 1,200కి ఎవరు తిరుగుతారులే అని రెండు రోజులు ఊరుకుని అప్పుడు చేశాను. కంప్లైంట్ నంబర్ వచ్చింది, డబ్బు రాలేదు.

సినిమా సోమవారం చూశాం, కౌంటర్‌లో కొన్న టికెట్లతో. ఆ గ్రూపులోంచి మాత్రం నేను బయటికి రాలేదు. ఇది రాస్తుండగానే అందులో కొత్త పోస్టు పడింది: '28 ఇయర్స్ లేటర్, నాలుగు టికెట్లు, అర్జెంటుగా ఊరెళ్తున్నా, కొన్న రేటుకే.' నంబర్ వేరే.