మీటరు చూపించాకే స్పానర్ పడతారు: కడపలో ఒక ఆటో ఎలక్ట్రికల్ షాపు

రాయచోటి నుంచి కడపలోకి వస్తుంటే, ఊరు మొదలయ్యే చోట వేపచెట్టు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. లోపల పాత డైనమోలు (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్లు), సెల్ఫ్ మోటార్లు, వైర్ల చుట్టలు. ఒక పెద్దాయన, ఆయన కొడుకు నడుపుతారు. పెద్దాయనను అందరూ భాయ్ అనే పిలుస్తారు. కారులో బ్యాటరీ లైటు వెలుగుతోందని ఎవరు అడిగినా నేను ఇప్పుడు అక్కడికే పంపుతున్నాను. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

నేను రాయచోటి దగ్గర హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. కడప నుంచి వెళ్లి వస్తుంటాను. ఒకరోజు మధ్యాహ్నం తిరిగి వస్తుంటే, గువ్వలచెరువు కోవా అంగళ్లు దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు కనిపించింది. యాక్సిలరేటర్ తొక్కితే పోతోంది, వదిలితే మళ్లీ వస్తోంది. ఘాట్ దిగకముందే పక్కకు ఆపి బానెట్ ఎత్తి చూశాను. బెల్టు ఉంది, బిగువుగానే ఉంది. ఇది తప్పకుండా చూడాలి. చాలా కార్లలో డైనమోను తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. అది తెగిపోయిందంటే ఇంజన్ వేడెక్కి పాడవుతుంది, ఇక బండి కదపకూడదు. బెల్టు బాగుంది కాబట్టి ఏసీ, పాటలు, ఫోన్ ఛార్జర్ అన్నీ ఆపేసి, మధ్యలో ఎక్కడా ఇంజన్ ఆపకుండా కడప చేరాను. అప్పుడు బండి నడిచేది బ్యాటరీలో మిగిలిన ఛార్జి మీదే. రాత్రయితే మాత్రం ఆ మలుపుల్లో దిగేదాన్ని కాదు. హెడ్‌లైట్లు ఆ కాస్త ఛార్జినీ తాగేస్తాయి, లైట్లు మందగిస్తే ఘాట్‌లో ప్రాణం మీదికి వస్తుంది.

ఊళ్లో మొదట కనిపించిన ఒక బ్యాటరీ అంగట్లో ఆపాను. చూడగానే "బ్యాటరీ పోయింది మేడమ్, కొత్తది వేసుకోండి" అన్నారు. మీటరు పెట్టనే లేదు. డైనమో సంగతి ఏంటని అడిగితే, ఇంజన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి చూద్దామని స్పానర్ అందుకున్నారు. వద్దని గట్టిగా చెప్పి వచ్చేశాను. ఇంజన్ ఆన్‌లో ఉండగా టెర్మినల్ తీస్తే ఓల్టేజీ ఒక్కసారిగా ఎగసి డైనమోలోని డయోడ్లు, కారు కంప్యూటర్ కాలిపోవచ్చు. పాత బళ్ల కాలం నాటి ఆ పద్ధతి ఇప్పటి కార్లకు ప్రమాదం. ఇప్పటికీ దాన్ని వాడేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది.

భాయ్ దగ్గర వరస వేరు. ముందు ఇంజన్ ఆపించి, తాళం ఒక్కటే తిప్పమన్నాడు. లైటు వెలిగింది. "ఇప్పుడు వెలగాల. వెలక్కపోతే అదొక రోగం" అన్నాడు. తర్వాత బ్యాటరీ రెండు కొసలకూ మీటరు పెట్టి, అంకె నాకు కనిపించేలా తిప్పి పట్టుకున్నాడు. ఇంజన్ ఆపినప్పుడు 12.3 ఓల్టులు. స్టార్ట్ చేశాక 13.8 నుంచి 14.4 మధ్య ఉండాల్సింది, 12.1 చూపించింది. హెడ్‌లైట్లు, ఏసీ వేస్తే ఇంకా దిగింది. "బ్యాటరీ బాగుండాది మేడమ్. దానికి కూడు పెట్టే డైనమోనే పెట్టడం లేదు" అన్నాడు.

అక్కడితో ఆగలేదు. టెర్మినళ్లు, ఇంజన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ తీగ, డైనమో నుంచి బ్యాటరీకి వచ్చే లావు వైరు, అన్నీ పరీక్షించాడు. వైరులో తుప్పు పట్టినా ఛార్జి అందదు, అప్పుడు డైనమో విప్పడం దండగ. అవన్నీ బాగున్నాయని తేలాకే, ఇంజన్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, డైనమో దించాడు. విప్పితే కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి. డైనమో లోపల తిరిగే భాగమైన రోటర్‌కు, దాని మీదున్న స్లిప్ రింగులనే లోహపు కడియాలకు తగులుతూ కరెంటు అందించేవి ఇవే. అవి సరిగ్గా తగలకపోతే రోటర్‌లో అయస్కాంత క్షేత్రం పుట్టదు, ఛార్జింగూ ఉండదు. క్లాసులో బోర్డు మీద గీసి చెప్పే పాఠం నూనె మరకలతో నా ముందు బల్ల మీద ఉంది. మా తమ్ముడు పక్కనే నిలబడి ఉన్నా, భాయ్ ప్రతి ముక్కా నాకే చూపించి చెప్పాడు. కారు నాది, అడిగింది నేను. ఆ మర్యాద అన్ని చోట్లా దొరకదు.

నా బండికి బ్రష్‌లు, ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కలిసి ఒకే పార్టుగా వస్తాయి. అది మార్చి, బేరింగులు కొత్తవి వేసి, రింగులను సన్నటి ఎమరీ కాగితంతో తుడిచాడు. బిగించాక మళ్లీ మీటరు: 14.1. అన్ని లైట్లు, ఏసీ వేసినా 13.7 దగ్గర నిలబడింది. మొత్తం 2,600 రూపాయలైంది. కొత్త బ్యాటరీ కొని ఉంటే దీనికి రెట్టింపు పోయేది, లైటు మాత్రం వెలుగుతూనే ఉండేది.

లోటుపాట్లూ చెప్పాలి. కూర్చోవడానికి రెండు ప్లాస్టిక్ కుర్చీలే, కడప ఎండల్లో ఆ రేకుల కింద గంటలు గడపడం చాలా కష్టం. మంచినీళ్లు మీరే తెచ్చుకోండి. పార్టు తేవడానికి కొడుకు ఊళ్లోకి వెళ్తే ఎంతసేపు పడుతుందో చెప్పలేరు, ఆ రోజు నాకు సాయంత్రమైపోయింది. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తారు, పార్టుకు గ్యారంటీ కావాలంటే అది కొన్న అంగడి రసీదు విడిగా అడిగి తీసుకోండి. కార్డు తీసుకోరు, ఫోన్‌పే ఉంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మూసి ఉంటుంది, ఆ రోజు పొద్దున్నే వెళ్లడం మంచిది. పాత పార్టులు అడక్కుండానే చేతిలో పెడతారు. నా బ్రష్‌లు ఇప్పుడు స్కూల్ ల్యాబ్‌లో ఉన్నాయి, పదో తరగతి పిల్లలకు విద్యుదయస్కాంతత్వం పాఠంలో చూపిస్తున్నాను.