పాత రేడియోనా, పాత వేషం వేసుకున్న కొత్తదా?

నల్లగొండలో మా ఇంటికి సున్నాలు వేయించేటప్పుడు సజ్జ మీది సామానంతా దించాం. ఇత్తడి బిందెలు, విరిగిన చేటలు, ఒక టేబుల్ ఫ్యాను, వాటి వెనక గోనెసంచిలో తాత రేడియో. టేకు పెట్టె, ముందువైపు బట్ట, కింద గాజు డయల్, ఏనుగు దంతం రంగు మీటలు. గాజు మీద ఢిల్లీ, కొలంబో అంటూ ఊళ్ల పేర్లు. లోపల బల్లి గుడ్ల పెంకులు, ఎలుక కొరికిన కాగితం.

దాన్ని ఏం చేయాలన్న దగ్గర ఇంట్లో మూడు మాటలు వచ్చాయి. బాగుచేయించి హాలులో పోచంపల్లి గుడ్డ పరిచిన బల్ల మీద పెడదామని వదిన. అచ్చం ఇలాంటి ముఖంతోనే కొత్తది దొరుకుతుంటే ఈ బరువెందుకని అన్నయ్య. లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టేద్దామని అన్నయ్య కొడుకు. ముగ్గురివీ తీసిపారేయాల్సిన మాటలు కావు. రెండు నెలలు నేను మూడింటినీ చూసి వచ్చాను.

కొత్తవాటితో మొదలుపెడతాను, వాటి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 2017లో సరేగమ వాళ్లు కార్వాన్ తెచ్చినప్పటి నుంచి ఈ వ్యాపారం ఊపందుకుంది. చూడటానికి పాతకాలపు ట్రాన్సిస్టర్, లోపల ఐదు వేల పాటలు. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు, మీట తిప్పితే పాట. ఆ కంపెనీ ఒకప్పటి గ్రామఫోన్ కంపెనీయే కాబట్టి పాత పాటల నిధి వాళ్ల చేతుల్లో ఉంది. తెలుగు పాటలతోనూ వచ్చింది. కళ్లద్దాలు లేకుండా ఫోను చూడలేని పెద్దవాళ్లకు ఇంతకు మించిన సుఖం లేదు. ఈ ఒక్క కారణానికి కొత్తదాన్ని నేను తక్కువ చేయను.

కానీ కార్వాన్ తర్వాత పుట్టుకొచ్చిన నకలు వేషాలున్నాయి చూశారా, వాటి సంగతి వేరు. అన్నయ్య పట్టుబట్టి ఒకటి తెప్పించాడు, కంపెనీ పేరు వద్దులెండి. బొమ్మలో టేకు పెట్టె. చేతికి వచ్చింది చెక్క రంగు కాగితం అంటించిన అట్టచెక్క. డయల్ మీద ముల్లు కదలదు, అది అచ్చు వేసిన గీత. రెండు మీటల్లో ఒకటి తిరుగుతుంది, రెండోది ఉత్త అలంకారం. వారం రోజులకు మూల దగ్గర కాగితం లేచింది. పాతదనం నచ్చి కొనేవాడికి మీట తిప్పితే ముల్లు కదలడమే సగం ఆనందం. అది లేనప్పుడు ఫోటో ఫ్రేము కొనుక్కోవడం మేలు.

ఇక తాత రేడియో. దాన్ని ఆటోలో పెట్టుకుని గడియారం సెంటర్ దగ్గర్లో ఉండే పాత మెకానిక్ చాచా దగ్గరికి తీసుకెళ్లాను. ఇప్పుడు ఆయన చేసేది మిక్సీలు, ఇన్వర్టర్ల పని. మూత తీసి చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ప్లగ్గులో పెట్టి చూశావా?" అని. లేదన్నాను. "మంచి పని చేశావు బాబూ. ఇన్నేళ్లు పడుకున్నదాన్ని ఒక్కసారిగా లేపకూడదు" అన్నాడు.

ఆ మాట వెనక లెక్క ఉంది. ట్రాన్సిస్టర్ల బదులు వాల్వులనే గాజు గొట్టాలతో నడిచే ఇలాంటి రేడియో లోపల రెండు వందల వోల్టులకు పైగా కరెంటు తిరుగుతుంది. ఏళ్ల తరబడి వాడకపోతే కరెంటును నిలవచేసే కండెన్సర్లు ఎండిపోతాయి, కాగితం చుట్టినవి కరెంటును కారనిస్తాయి. అలాగే గోడ ప్లగ్గులో పెడితే కండెన్సర్ పగలొచ్చు, ట్రాన్స్‌ఫార్మర్ కాలొచ్చు. వాల్వు పోతే వెతికి తెచ్చుకోవచ్చు కానీ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఆ రేడియో కథ దాదాపు ముగిసినట్లే. అందుకే చాచా ముందు కండెన్సర్లు మార్చి, తర్వాత వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బును వరసలో కలిపి కరెంటు ఇచ్చాడు. బల్బు ఒక్క క్షణం వెలిగి మందగిస్తే మంచిది. భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే లోపల ఎక్కడో షార్టు ఉందన్నమాట. మాది మందగించింది. నాలో కూడా ఏదో కుదుటపడింది.

తర్వాత అర నిమిషం ఏమీ లేదు. దుమ్ము వేడెక్కుతున్న వాసన. డయల్ వెనక పసుపు దీపం. వాల్వుల అడుగున నారింజ రంగు మినుకు. కుడి మూలన ఆకుపచ్చ కన్ను మెల్లగా తెరుచుకుంది. స్టేషను సరిగ్గా దొరికినప్పుడు ఆ కన్ను రెక్కలు దగ్గరికి వస్తాయి, దాన్ని చూస్తూ మీట తిప్పాలి. స్పీకర్ నుంచి ముందు గుయ్‌మనే చప్పుడు, ఆ తర్వాత సముద్రం హోరు లాంటిది.

ఆ హోరు తప్ప ఇంకేమీ రాలేదు. పాతదాన్ని వెనకేసుకొచ్చే వాళ్లు దాచిపెట్టే నిజం ఇక్కడే ఉంది. ఇలాంటి సెట్లకు మీడియం వేవ్, షార్ట్ వేవ్ మాత్రమే తెలుసు. మన దేశంలో ఎఫ్‌ఎం ప్రసారం మొదలైందే 1977లో, అదీ మద్రాసులో. తాత ఈ రేడియో కొన్నప్పుడు ఆ మాటే లేదు. మరోవైపు దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు ఒకటొకటిగా మూతపడుతూ వచ్చాయి. మిగిలిన కాస్త ప్రసారాన్ని మన ఇంట్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు గరగరమని మింగేస్తాయి. మేడ మీద పది మీటర్ల తీగ కట్టి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, రాత్రి పూట ప్రయత్నిస్తే దూరపు స్టేషన్లు పలుకుతాయి. రోజూ పొద్దున వార్తలు వినడానికైతే ఆ అవస్థ ఎవరూ పడరు.

ఒకప్పుడు పడ్డారు. మా తాత దేవరకొండ దగ్గరి పల్లెలో ఉండగా ఈ రేడియోకు పోస్టాఫీసులో ఏటా లైసెన్సు డబ్బు కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకునేవాడు. ఆ లైసెన్సులు 1980లలో గానీ పోలేదు. గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు రాగి జాలీ పట్టీ ఏరియల్‌గా వేలాడేది. మధ్యాహ్నం సిలోన్ వాళ్లు వేసే తెలుగు పాటలకు పక్కింటి వాళ్లు కూడా అరుగు మీద చేరేవారని అమ్మ చెబుతుంది. అంతమంది విన్నారు కాబట్టే ఆ పెట్టెకు అంత పెద్ద స్పీకర్, అంత పెద్ద గొంతు.

పాత సెట్టు కొనాలనుకునే వాళ్లకు ఒక్క జాగ్రత్త. హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్‌కు పోయినా, ఎర్రగడ్డ ఆదివారం సంతకు పోయినా వెనక మూత తీసి వాల్వుల మీది అక్షరాలు చదవండి. ఫిలిప్స్ తరహా వాల్వుల పేరు ఇ అక్షరంతో మొదలైతే, అంటే ఇసిహెచ్ 81 లాంటివైతే, సాధారణంగా అది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్టు. యు అక్షరంతో మొదలైతే చాలా వరకు ఏసీ-డీసీ రకం. అందులో లోపలి ఇనుప చట్రం నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు అటూ ఇటూ మారితే చట్రమంతా షాకే. మీట ఊడి ఇనుప కడ్డీ బయటపడ్డ సెట్టును పిల్లలున్న ఇంట్లో పెట్టడమంటే బల్ల మీద పామును పెట్టుకున్నట్టే. ఎంత అందంగా ఉన్నా ఆ రకాన్ని నేను కొనను.

మూడో దారి, లోపలిది పీకి బోర్డు పెట్టడం. ఖర్చు తక్కువ. బ్లూటూత్ యాంప్లిఫయర్ బోర్డు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. అయితే పనిచేసే సెట్టును, లేదా పనిచేయించగలిగే సెట్టును, ఇలా ఖాళీ చేసే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్టేషను పట్టే గ్యాంగు, తీగ చుట్టిన కాయిళ్లు, వాల్వులు అన్నీ తూకానికి పోతాయి. ఆ ఆకుపచ్చ కన్ను ఇక తెరుచుకోదు, గాజు వెనక ఏదో నీలం దీపం మిణుకుమంటుంది. చెదలు తిని, ట్రాన్స్‌ఫార్మర్ కాలి, పెట్టె ఒక్కటే మిగిలిందంటే నిశ్చింతగా చేయండి, అప్పుడది పుణ్యమే.

అన్నయ్య కొడుకును ఒప్పించింది నేను కాదు, చాచా. రేడియో వెనక్కి తిప్పి రెండు చిన్న రంధ్రాలు చూపించాడు. పక్కన గ్రామఫోన్ గుర్తు. ఆ రోజుల్లో రికార్డు ప్లేయర్ కలుపుకోవడానికి పెట్టినవి. మీడియం వేవ్, షార్ట్ వేవ్ మార్చే బ్యాండ్ స్విచ్‌కు చివరి మెట్టు కూడా అందుకే. "పాట అక్కడి నుంచి పంపు, పెట్టె జోలికి పోకు" అన్నాడు. బ్యాటరీతో నడిచే చిన్న బ్లూటూత్ రిసీవర్ తెచ్చాం. రేడియోకు గొంతు ఒక్కటే, ఫోను పాటకు కుడి, ఎడమ అని రెండు దారులు. అందుకని రెండు రెసిస్టర్లు వేసి వాటిని ఒకటిగా కలిపి ఆ రంధ్రాలకు ఇచ్చాడు. ఇది ట్రాన్స్‌ఫార్మర్ సెట్టుకే చేయాలి, ఏసీ-డీసీ రకానికి చేస్తే ఆ రిసీవర్‌ను ముట్టుకున్న మనిషి పోవచ్చు.

కండెన్సర్లు, కొత్త పవర్ తీగ, తెగిన డయల్ దారం, మజూరీ అన్నీ కలిపి 2,800 రూపాయలైంది. అన్నయ్య తెప్పించిన కాగితం పెట్టెకూ ఇంచుమించు అంతే. రెండింట్లో ఒకే పాట పెట్టి పక్కపక్కన విన్నాం. కొత్తదాంట్లో తాళాలు, గజ్జెలు స్పష్టంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. తాతదాంట్లో పైస్థాయి మెత్తబడింది కానీ మద్దెల పొట్టలోంచి వచ్చింది, గాయకుడు గదిలో నిలబడి పాడినట్టుంది. చెక్క పెట్టె, పెద్ద స్పీకర్ చేసే పని అది. కరెంటు మాత్రం యాభై వాట్ల దాకా తాగుతుంది, ఎండాకాలం గదిని కాస్త వేడి కూడా చేస్తుంది.

కాబట్టి మా ఇంట్లో తేలింది ఇది. హాలులో తాత రేడియో, చట్రం చెక్కుచెదరకుండా. వంటింట్లో అమ్మకు పాటలు నిండిన కొత్తది. పిండి చేతులతో నొక్కినా దానికేమీ కాదు, అర నిమిషం ఆగక్కర్లేదు. అమ్మను హాలుదే వాడమంటే, "ఇది వేడెక్కేలోపు నా పప్పు ఉడుకుతుంది" అంది.

ఈ పిచ్చి మిగతా వస్తువులకూ పాకింది. చేతి గడియారమైతే పాతదానికే నా ఓటు. హెచ్‌ఎంటీ జనతా తిప్పితే నడుస్తుంది, బాగుచేసే వాళ్లు ఇంకా ఉన్నారు. కాకపోతే తళతళలాడే డయల్‌తో చవగ్గా దొరికితే అనుమానించండి, దానికి మళ్లీ రంగు పూసి ఉంటారు. ఫ్యాను విషయంలో మాత్రం కొత్తదే. సీలింగ్ ఫ్యాను పాతది డెబ్బై ఎనభై వాట్లు లాగే చోట కొత్త బీఎల్‌డీసీ రకం, అంటే బ్రష్షులు లేని డీసీ మోటారుది, ముప్పై ముప్పై అయిదుతో సరిపెడుతుంది.

సజ్జ మీది టేబుల్ ఫ్యానుకు కూడా వదిన రంగు వేయిస్తానంటోంది. దాని జాలీ సందులు పిల్లల చెయ్యి పట్టేంత ఉంటాయి. నా చూపుడు వేలి మీది మచ్చ చూపించాను. ప్రస్తుతానికి అది మళ్లీ గోనెసంచిలోకి పోయింది.